వీధంతా పని పోయిన నాడు

చేనేత సహకారోద్యమాన్ని తెలుగు జిల్లాల్లో నిలబెట్టిన తొలితరం కార్యకర్తల స్మృతికి అంకితమైన వేదిక ఇది. నిడుబ్రోలు ప్రగడ కోటయ్య వంటి నాయకుల పేర్లు చరిత్రకెక్కాయి. ఊరూరా సొసైటీ పద్దులు రాసి, నూలు బేళ్లు దింపించి, సభ్యుల గడప గడపకూ తిరిగిన ఎందరో మనుషుల పేర్లు ఎక్కడా ఎక్కలేదు. వారందరినీ తలచుకునే ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలిచిన సంఘానికి కృతజ్ఞతలు. నూలు చవకగా కొనడానికీ, గుడ్డ గిట్టుబాటు ధరకు అమ్మడానికీ మాత్రమే వారు సంఘాలు పెట్టారనుకుంటే వారి ఆలోచనను సగమే చూసినట్టు. మగ్గం ఆగిన నాడు నేతగాని ఇల్లు షావుకారు పద్దులో కలిసిపోకూడదన్నది వారి అసలు తపన. అది ఇవాళ్టికీ తీరలేదు. పని పోయి, రాబడి ఆగి, అప్పులోకి జారుతున్న కుటుంబానికి చుట్టూ ఉన్న సమాజం ఏం చేయగలదు, ఏం చేయలేదు, అందుకు ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి అన్నదే ఈ సాయంత్రం నేను తీసుకున్న అంశం.

నా వాదం ముందే చెబుతాను. ఒక ఇంటికి వచ్చిన కష్టాన్ని వీధి మోస్తుంది. ఆ మోయడంలో మన సమాజానికి తరాల అనుభవం ఉంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగకపోతే పక్కింటి నుంచి అన్నం వస్తుంది. ఆడపిల్ల పెళ్లికి చేబదులు దొరుకుతుంది. ఇంటి యజమాని మంచాన పడితే నలుగురూ చందాలు వేస్తారు. ఇవాళ నీకు, రేపు నాకు అన్న నమ్మకం వీటన్నిటి వెనకా ఉంది. అయితే ఉపాధి పోవడం, ముఖ్యంగా ఒకే వృత్తి మీద బతికే ఊళ్లలో, ఇంటికొకటిగా వచ్చే కష్టం కాదు. నెల తిరగకుండా వీధి మొత్తానికీ వస్తుంది. ఇచ్చే చెయ్యీ, పుచ్చుకునే చెయ్యీ ఒకేసారి ఖాళీ అవుతాయి. ఇరుగుపొరుగు సాయాన్ని ఎంత మెచ్చుకున్నా, దాని మీదే భారం వేసి ఊరుకుంటే సరిగ్గా అవసరమైన నాడే అది చాలకుండా పోతుంది. కష్టం ఎంత మేర తాకిందో అంతకంటే పెద్ద మేర నుంచి సాయం రావాలి. ఆ ఏర్పాటు కష్టం రాకముందే జరిగి ఉండాలి. ఈ రెండూ ఉన్నచోట పొరుగువాడి మంచితనం కుటుంబాన్ని నిలబెడుతుంది. లేనిచోట ఆ మంచితనమే పొరుగువాణ్ణి కూడా అప్పుల్లోకి లాగుతుంది.

సిరిసిల్లను చూడండి. మరమగ్గాల పట్టణమది. అక్కడివారు వాటిని సాంచాలంటారు. నూలు తెచ్చి, పడుగు చుట్టిన బీములు పట్టించి ఇచ్చే యజమానులు ఒక అంచె. నాలుగో ఎనిమిదో సాంచాలు పెట్టుకుని, ఆ బీములు తీసుకుని, మీటరుకింత అని గుడ్డ నేసిచ్చే ఆసాములు వారి కింది అంచె. ఆ సాంచాల మోతలో పొద్దంతా నిలబడి, నేసిన మీటర్లకు కూలి తీసుకునే కార్మికులు ఇంకో అంచె. వీరిని ఆనుకుని బీములకు పడుగు చుట్టే వార్పిన్ పనివారు, పోగులు అతికే వైపని చేసేవారు, కండెలు చుట్టేవారు, గుడ్డ బేళ్లు మోసే హమాలీలు బతుకుతారు. చాలా ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చేసి ఆ రాబడికి నాలుగు రూపాయలు కలుపుతారు. ఆర్డరు ఆగితే యజమాని ముందు నూలు కొనడం ఆపుతాడు. వెంటనే వార్పిన్ కార్మికుడికి పని పోతుంది. సాంచా మీద ఉన్న బీము అయిపోగానే ఆసామి షెడ్డు మూతపడుతుంది, కార్మికుడి కూలి ఆగుతుంది. కిరాణా కొట్టులో ఖాతా పెరుగుతుంది, చీటీ వాయిదా తప్పుతుంది. ఆ చీటీ డబ్బు మీద ఆశ పెట్టుకున్న మరో నాలుగు కుటుంబాలు ఇరుకున పడతాయి. ఆసామి మనసున్న మనిషే కావచ్చు, తన దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన కార్మికుడికి ఏదైనా ఇవ్వాలనే ఉండవచ్చు. అతని మీద అప్పటికే కరెంటు బిల్లూ, సాంచాల కోసం తెచ్చిన అప్పూ ఉంటాయి. ఇలాంటి రోజుల్లోనే సాంచాలను తూకం వేసి తుక్కు కింద అమ్ముకున్న ఆసాములున్నారు.

ఇది ఒక్కసారి జరిగింది కాదు. 1991లో నూలు ధర పెరిగి ప్రకాశం, గుంటూరు జిల్లాల నేత గ్రామాల్లో ఆకలి చావులు, ఆత్మహత్యలు వార్తలకెక్కాయి. ఆ తర్వాతి దశాబ్దంలో సిరిసిల్ల పేరు నేత కార్మికుల ఆత్మహత్యలతో దేశమంతా వినబడింది. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల నేతను అక్కడి సాంచాలకు ఇవ్వడంతో పట్టణం కొన్నేళ్లు ఊపిరి పీల్చుకుంది. ఆ ఆర్డర్లు ఆగి, పాత బకాయిలు నిలిచిపోయిన 2024లో మళ్లీ షెడ్లు మూతపడ్డాయి, మళ్లీ చావు వార్తలు వచ్చాయి. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డరుతో పని కొంత తిరిగి మొదలైంది. ప్రభుత్వ ఆర్డర్లు మేలు చేశాయన్నది కాదనలేని నిజం. కానీ ఒకే ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడిన పట్టణానికి పని ఉన్న ఏళ్లలోనే పని లేని నెలల కోసం నిధి కూడబెట్టి ఉండాల్సింది. అంత పెద్ద మొత్తాలు చేతులు మారిన కాలంలో కూడా ఆ పని ఎవరి బాధ్యతా కాలేదు.

దీనికి ప్రత్యామ్నాయంగా కుటుంబాలు తమకు తామే ఒక దారి వెతుక్కున్నాయి. అన్నదమ్ముల్లో ఒకరు సాంచాల దగ్గర ఉంటే ఒకరు దుబాయికో, ఒకరు భివండికో వెళ్లారు. కష్టాల్ని వేర్వేరు చోట్లకు పంచుకునే ఈ తెలివిని మన ఆర్థికవేత్తలు పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదు. గల్ఫ్‌లో కట్టడాల పని నూలు ధరను బట్టి నడవదు కనుక, ఇక్కడ సాంచాలు ఆగిన నెలలో అక్కడి నుంచి డబ్బు వస్తుంది. ఈ అమరికకూ హద్దుంది. 2008, 2009లలో దుబాయిలో నిర్మాణాలు ఆగినప్పుడు ఏజెంటుకు కట్టిన అప్పు తీరకముందే మనుషులు తిరిగొచ్చారు. ఒక్కో కుటుంబం విడివిడిగా వేసుకున్న లెక్క ఎంత తెలివైనదైనా, ఒక్క దెబ్బకు తారుమారవుతుంది. ఆ లెక్కనే వేల కుటుంబాలు కలిసి వేసుకుంటే దాని బలం వేరుగా ఉంటుంది.

చరిత్రలోకి వెళ్తే ఈ ప్రశ్న మన నేల మీద ఎంత పాతదో తెలుస్తుంది. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిని కాల్చేసిన కరువులో కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. పొదుపు పేరుతో వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్, సహాయ పనులకు వచ్చిన మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. అది మనిషిని బతికించే తిండి కాదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ లెక్కలతో సహా వాదించాడు. అదే సమయంలో మద్రాసులో పెద్దలు ఇచ్చిన పిలుపుతో లండన్‌లో మాన్షన్ హౌస్ నిధి మొదలై భారీగా చందాలు పోగయ్యాయి. ఆ నిధిని ఎలా ఖర్చుపెట్టారన్నది మనకు పనికొచ్చే పాఠం. ప్రాణాలు కాపాడటం ప్రభుత్వ బాధ్యత అని పక్కన పెట్టి, చందా డబ్బులో ఎక్కువ భాగాన్ని రైతులు మళ్లీ నిలదొక్కుకోవడానికి వాడారు: విత్తనాలకు, ఎద్దులకు, కూలిన ఇంటి కప్పుకు. ఆ ప్రభుత్వం తన బాధ్యతను సరిగ్గా నెరవేర్చలేదన్నది వేరే సంగతి, లక్షల చావులు దానికి సాక్ష్యం. అయినా బాధ్యతల విభజన మాత్రం సరైనదే. బతికించడం ఒక పని, బతుకుతెరువు తిరిగి అందించడం మరో పని. రెండో పనికి ఊరు తెలిసిన మనుషులు కావాలి.

ఆ కాలపు కరువుల్లో నేతగాళ్ల సమస్య ప్రత్యేకంగా ముందుకొచ్చింది. కరువు పనులంటే కంకర కొట్టడం, చెరువు మట్టి మోయడం. సన్న నూలును వేళ్ల కొసలతో పట్టి అతికే మనిషి నెలల తరబడి సుత్తి పట్టుకుంటే ఆ వేళ్లు మొద్దుబారతాయి. కరువు పోయాక మగ్గమెక్కినా మునుపటి నేత రాదు. సాయం పేరుతోనే వృత్తి పోతుంది. ఈ అనుభవం నుంచే నేతగాళ్లకు వారి వృత్తిలోనే పని చూపించాలన్న నియమం మద్రాసు కరువు నిబంధనల్లోకి వచ్చింది. 1896-97 కరువులో దాన్ని అమలు చేశారు. నూలు ఇచ్చి, కూలి కట్టి, నేసిన గుడ్డను ప్రభుత్వమే తీసుకుంది. నూట ఇరవై అయిదేళ్లు దాటినా ఆ ఆలోచన పాతబడలేదు. పని పోయిన మనిషికి ఏదో ఒక పని చూపించి చేతులు దులుపుకోవడం సులువు. అతని నైపుణ్యాన్ని కాపాడే పని చూపించడం కష్టం. కష్టమైన ఆ పనే అతన్ని రేపటికి మిగులుస్తుంది.

1876 కరువుకు పదిహేనేళ్ల ముందు, పత్తి చుట్టూ ఇంగ్లండ్‌లో ఒక పెద్ద పరీక్ష జరిగింది. అమెరికా అంతర్యుద్ధంతో పత్తి రాక ఆగి 1861 నుంచి 1865 వరకు లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి. 1862 చివరికి దాదాపు 5 లక్షల మంది సహాయం మీద బతికే స్థితి వచ్చింది. నేను మొదట చెప్పినట్టు, కష్టం ఊళ్లకు ఊళ్లనే తాకింది కనుక ఆ ఊళ్ల చందాలు చాలలేదు. దేశమంతా, విదేశాలు కూడా కదలాల్సి వచ్చింది. అక్కడ కమిటీలకు డబ్బు సమకూరిన తర్వాత కూడా ఒక తప్పు జరిగింది. స్టాలీబ్రిడ్జ్ పట్టణంలో 1863 మార్చిలో సహాయ కమిటీ నగదు ఆపేసి, చెప్పిన కొట్లలో చెప్పిన సరుకు తీసుకునే టికెట్లు ఇస్తానంది. డబ్బు చేతికిస్తే పాడుచేస్తారన్న అనుమానం దాని వెనక ఉంది. అంతవరకు ఎంతో ఓర్పుతో ఆకలిని భరించిన కార్మికులు టికెట్లు పుచ్చుకోవడానికి నిరాకరించారు. కొట్ల కిటికీలు పగిలాయి. సైనికుల్ని పిలిపించారు. తిండి దొరుకుతున్నప్పుడు ఇంత ఆగ్రహం ఎందుకని కమిటీ పెద్దలకు అర్థం కాలేదు. మిల్లులో నైపుణ్యంతో జీతం తెచ్చుకున్న మనిషిని, మూసిన మిల్లుకు తాను కారణం కాకపోయినా, తన రొట్టె తాను కొనుక్కోలేనివాడిగా లెక్కగట్టారు. ఆ ఏడే చట్టం తెచ్చి, పురపాలక సంఘాలకు అప్పులిచ్చి, మురుగు కాలువలు, రోడ్లు, పార్కులు కట్టించే పనులు మొదలుపెట్టారు. ఇవాళ మన ఊళ్లలో సరుకుల సంచీ చేతిలో పెట్టి ఫొటో తీసి పంచుకునే దాతలు స్టాలీబ్రిడ్జ్ కథ చదవాలని నా కోరిక. ఆ ఫొటోలో ఉన్న తండ్రి ముఖాన్ని బడిలో అతని కూతురి తోటిపిల్లలు చూస్తారు.

దానం నుంచి పరస్పర సహాయానికి మారిన కథ జర్మనీలో స్పష్టంగా కనిపిస్తుంది. 1846-47 చలికాలపు కరువులో వయర్‌బుష్ గ్రామాధికారి రైఫైజెన్, ఊళ్లో కలిగినవారి డబ్బుతో సంఘం కట్టి పేదలకు రొట్టె అరువు మీద ఇప్పించాడు. తర్వాత మరో రెండు ఊళ్లలోనూ కలిగినవారి ఉదారత మీదే సంఘాలు నడిపాడు. కొన్నేళ్లకు వారి ఉత్సాహం చల్లబడింది. 1864లో హెడెస్‌డోర్ఫ్‌లో అప్పు తీసుకునేవారే సభ్యులుగా, ఒకరికొకరు పూచీగా ఉండే సంఘానికి మారాకే అది నిలిచింది. ఈ అనుభవాన్ని అధ్యయనం చేసిరమ్మని మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్‌ను యూరప్ పంపింది. 1895, 1897లలో వచ్చిన అతని నివేదికలు రైఫైజెన్ మార్గాన్నే సిఫారసు చేశాయి. 1904 సహకార పరపతి సంఘాల చట్టానికి పునాది అక్కడ పడింది. మనం ఇవాళ స్మరించుకుంటున్న కార్యకర్తలు నడిచిన దారి అలా మన జిల్లాలకు చేరింది. అయితే ఆ చట్టం మనకు అప్పు ఇచ్చే సంఘాన్ని ఇచ్చింది, పని పోయిన రోజున భృతి ఇచ్చే సంఘాన్ని ఇవ్వలేదు. బెల్జియంలోని ఘెంట్ నగరం 1901లో ఆ రెండో అడుగు వేసింది. కార్మిక సంఘాలు తమ సభ్యుల చందాలతో నడుపుకునే నిరుద్యోగ నిధులకు నగరపాలక సంస్థ తన డబ్బు కలిపింది. నిధిని నడిపేది కార్మికులే, ఎవరికి నిజంగా పని పోయిందో వారికే తెలుసు. భృతి భారంలో కొంత నగరం ఖజానా మోస్తుంది. డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్‌లలో నిరుద్యోగ భృతి ఇవాళ్టికీ ఈ పద్ధతిలోనే నడుస్తోంది.

సాయం చేస్తే మనుషులు సోమరులవుతారన్న అభ్యంతరం ప్రతి తరంలోనూ వినబడుతుంది. దానికి ఆస్ట్రియాలోని మరియంతాల్ సమాధానం చెప్పింది. ఒక్క బట్టల మిల్లు మీద ఆధారపడిన గ్రామమది. మిల్లు మూతపడ్డాక మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అక్కడి జీవితాన్ని పరిశీలించి 1933లో ప్రచురించారు. ఊళ్లోవారికి తీరిక కావలసినంత ఉంది. అయినా, రుసుము ఎత్తేశాక కూడా గ్రంథాలయం నుంచి తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి తగ్గాయి. వీధిలో మగవాళ్లు నెమ్మదిగా నడిచారు, మాటిమాటికీ ఆగారు. ఇంటి పని మీద పరుగులు తీసే ఆడవాళ్లకు ఆ తీరిక లేదు. భృతి తీసుకుంటూ దొంగతనంగా కూలికి వెళ్తున్నారని పొరుగువారి మీద పొరుగువారు అబద్ధపు ఫిర్యాదులు రాయడం కూడా పెరిగింది. మనుషుల్ని కుంగదీసింది భృతి కాదు. పని లేకపోవడం, భృతి గడువు తీరిపోతుందన్న భయం కలిసి వారిని కుంగదీశాయి. ఊరంతా ఒకే కష్టంలో ఉంటే ఐకమత్యం దానంతటదే పెరుగుతుందని మనం ఆశగా అనుకుంటాం. ఆదుకునే నమ్మకమైన ఏర్పాటు లేనప్పుడు అనుమానం, అసూయ కూడా అంతే సులువుగా పెరుగుతాయని మరియంతాల్ చూపించింది.

ఇంకో అభ్యంతరం మరోవైపు నుంచి వస్తుంది, దాన్ని నేను గౌరవిస్తాను. పని కల్పించడం, పని పోతే ఆదుకోవడం ప్రభుత్వ ధర్మం, సమాజాన్ని ముందుకు తోస్తే ప్రభుత్వం తప్పించుకుంటుందని కొందరు మిత్రులు అంటారు. మాన్షన్ హౌస్ నిధి సంగతి చెప్పినప్పుడే ఈ భయానికి నా సమాధానంలో సగం చెప్పాను. మిగతా సగం ఇది: చట్టం ఇచ్చిన హక్కు ఇంటి గడప దాకా నడిచి రాదు. పారిశ్రామిక వివాదాల చట్టంలో 1953లో చేర్చిన నిబంధన, పని నుంచి తీసేస్తే ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలంది. అది రిజిస్టరులో పేరున్నవారికి. ఈఎస్ఐలో ఉన్న కార్మికుడు పని పోగొట్టుకుంటే 90 రోజుల వరకు భృతి ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 2018లో వచ్చింది. 2020లో ఆ భృతిని సగటు వేతనంలో 25 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. ఎంతమంది కార్మికులకు దాని పేరు తెలుసు? నాలుగు సాంచాల షెడ్డులో పనిచేసే మనిషికి అసలు ఈఎస్ఐ కార్డే ఉండదు. హక్కు ఉన్నవాడిచేత దరఖాస్తు పెట్టించడం, లేనివాడికి హక్కు కోసం నిలబడటం రెండూ స్థానికంగా ఎవరో ఒకరు చేయాలి. సంఘం బలంగా ఉన్నచోటే ప్రభుత్వం తప్పించుకోవడం కష్టమవుతుంది.

పొరుగు సాయం ఎవరికి చేరుతుందో, ఎవరికి చేరదో 2020 లాక్‌డౌన్‌లో మన కళ్లెదుటే చూశాం. లింగంపల్లి నుంచి మే 1న తొలి శ్రామిక్ రైలు హటియాకు బయల్దేరేనాటికే వలస కూలీలకు దారి పొడవునా అన్నం పెట్టిన ఊళ్లున్నాయి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు పెట్టిన అన్నదాన సంప్రదాయం ఈ నేలలో ఇంకా ఉందని ఆ రోజులు రుజువు చేశాయి. కానీ అదే ఊళ్లలో బడులు మూతపడి జీతం ఆగిన ప్రైవేటు టీచర్లు ఆ పంక్తిలో కూర్చోలేకపోయారు. కొందరు కూరగాయల బండి పెట్టుకున్నారు, కొందరు ఉపాధి హామీ పనికి వెళ్లారు. బడులు మూతపడి ఏడాది దాటాక, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆ ఏడాది పొడవునా ఆ కుటుంబాలు తమ స్థితిని దాచుకున్నాయి. అమెరికాలో ఉద్యోగం పోయి, వీసా నిబంధన ప్రకారం 60 రోజుల్లో మరో ఉద్యోగం వెతుక్కోవలసిన తెలుగు యువకుడు కూడా ఇంటికి ఫోన్ చేసినప్పుడు అంతా బాగుందనే చెబుతాడు. అడిగితేనే ఇస్తామనే సాయం ఇలాంటివారికి అందదు. ఫలానా పని ఆగితే ఫలానా మొత్తం వస్తుందని ముందే రాసి ఉన్న ఏర్పాటులో ఎవరూ ఎవరి ముందూ నోరు తెరవనక్కర్లేదు.

అన్నింటికంటే బరువైన అభ్యంతరం కులం గురించి. మన దగ్గర సమాజం అంటే ఆచరణలో కుల సంఘమే, కుల సంఘం పెట్టే నిధి బయటివారిని బయటే ఉంచుతుంది. ఇది నిజం. కుల సంఘాల హాస్టళ్లు, నిధులు ఎందరో పిల్లల్ని చదివించిన మాటా నిజమే. అయినా నేను చెబుతున్న నిధికి ఆ పునాది సరిపోదు, న్యాయం దృష్ట్యానూ, లెక్క దృష్ట్యానూ. ఒకే కులం చాలావరకు ఒకే వృత్తిలో ఉన్న పట్టణంలో కుల నిధి కూడా కష్టం తాకిన మేరలోనే ఉంటుంది. సభ్యులందరికీ ఒకే నెలలో డబ్బు కావాలి, ఒకే నెలలో చందా ఆగుతుంది. సభ్యత్వం పనిని బట్టి, నివాసాన్ని బట్టి ఉండాలి. వేరే రాబడులున్నవారు, అంటే ఉపాధ్యాయులు, బస్సు కార్మికులు, వ్యాపారులు, పై దేశాల్లో ఉన్నవారు అందులో చేరాలి.

పరస్పర పూచీ కూడా దానంతటదే మంచిది కాదు. నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి దాచుకుని మొదలైన మహిళా పొదుపు సంఘాలు తెలుగు రాష్ట్రాల్లో గొప్ప మార్పు తెచ్చాయి. అదే బృంద పూచీని లాభాపేక్ష గల సూక్ష్మ రుణ సంస్థలు చేజిక్కించుకున్నప్పుడు ఏం జరిగిందో 2010లో చూశాం. వారం వాయిదా కట్టలేని ఇంటి ముందు తోటి సభ్యులే బైఠాయించవలసి వచ్చింది. అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2015లో విజయవాడ కాల్ మనీ బాగోతం బయటపడినప్పుడు కూడా, అవసరంలో ఉన్న కుటుంబానికి వేగంగా దొరికేది అధిక వడ్డీ అప్పు ఒక్కటేనని తేలింది. పని పోయిన కుటుంబానికి అప్పు ఇచ్చి సాయం చేశామనుకోవడం పొరపాటు. రాబడి లేని నెలలకు భృతి కావాలి. అప్పు పని తిరిగొచ్చిన తర్వాతి అవసరం.

ఇక చేయవలసిన దాని గురించి. పునాది మన దగ్గరే ఉంది. తెలంగాణలో 2017లో మొదలైన నేతన్నకు చేయూత పథకంలో చేనేత కార్మికుడు తన కూలిలో 8 శాతం దాచుకుంటే ప్రభుత్వం 16 శాతం కలిపింది. మరమగ్గాల కార్మికుడికి 8 శాతానికి 8 శాతం కలిపింది. గడువు తీరేదాకా తీయకూడదన్న నియమాన్ని 2020లో సడలించి, లాక్‌డౌన్‌లో ఆ డబ్బు తీసుకోనిచ్చారు. తన కూలిలోంచి తాను దాచుకున్న సొమ్ము, ప్రభుత్వం కలిపిన సొమ్ము బ్యాంకు ఖాతాలో పడ్డాయి. ఎవరికీ దండం పెట్టనక్కర్లేకపోయింది. ఘెంట్ నగరం చేసినదానికి ఇది చాలా దగ్గర. కొరవ ఏమిటంటే, అది ఎవరి ఖాతా వారిదైన పొదుపు. దాచుకున్నది అయిపోతే అంతే. దానికి తోడుగా సభ్యులందరి ఉమ్మడి నిధి ఒకటి ఉండాలి. యజమాని కొనే నూలు మీద, ఆసామి నేసే మీటరు మీద, ప్రభుత్వం కొనే చీర మీద చిన్న మొత్తం అందులో చేరాలి. బకాయిలు నిలిపేసినందుకు కొనుగోలుదారు, అది ప్రభుత్వమే అయినా, ఆ నిధికి వడ్డీ కట్టాలి. వరుసగా ఇన్ని వారాలు సాంచాలు ఆగితే భృతి మొదలవుతుందని ముందే రాసి ఉండాలి. పేదరికం రుజువు చేసుకోమని ఎవర్నీ అడగకూడదు. ఆగిన సాంచా అందరికీ కనబడుతూనే ఉంటుంది.

మొదటి వారాల్లోనే డబ్బు అందాలన్న దాని మీద నేను పట్టుబడతాను. పని ఆగిన ఇంట్లో జరిగేవాటికి ఒక వరుస ఉంటుంది. ముందు పాలు, కూర తగ్గుతాయి. తర్వాత పుస్తెలతాడు తాకట్టుకు పోతుంది. ఆపైన రోజువారీ వడ్డీ. ఆపైన సాంచా తుక్కు కింద పోవడం, పిల్ల బడి మానేసి తల్లితో బీడీల చాట ముందు కూర్చోవడం. మొదటి మెట్టు దగ్గర ఇచ్చిన కొన్ని వేల రూపాయలు చేసే మేలు, చివరి మెట్టు దగ్గర ఇచ్చిన లక్ష చేయలేదు. చావు తర్వాత ప్రకటించే పరిహారానికి ఖర్చుపెట్టే డబ్బులో కొంత ఈ మొదటి మెట్టు దగ్గరికి జరపమని ప్రభుత్వాల్ని అడగడం మన బాధ్యత. కిరాణా కొట్టు ఖాతాలు, కరెంటు బిల్లు గడువులు, బడి ఫీజులు, వీటి వసూలును మూడు నెలలు ఆపించేందుకు కొట్లవారితో, పురపాలక సంఘంతో, విద్యుత్ సంస్థతో, బడులతో ముందే ఒప్పందాలు రాసుకోవచ్చు. దానికి డబ్బు కూడా అక్కర్లేదు. వెళ్లి మాట్లాడే మనుషులు కావాలి, ఈ సంఘానికి అలాంటి మనుషులున్నారు.

ఆ ఉమ్మడి నిధి సభ్యుల పట్టిక రాసేటప్పుడు ఒక సంగతి మరవవద్దని కోరుతున్నాను. ఇంతవరకు వచ్చిన పథకాల్లో మగ్గానికో సాంచాకో ఒక మనిషి పేరు ముందు రాశారు, ఆ మనిషి ఎక్కువగా మగవాడు. కండెలు చుట్టే స్త్రీ, ఆసులు పోసే స్త్రీ, బీడీలు చేస్తూ ఇంటిని లాగే స్త్రీ అనుబంధ కార్మికులుగా చివరి గడిలో ఉన్నారు, లేదా అసలు లేరు. పని ఆగిన మొదటి వారంలో వీరి రాబడే ముందు పోతుంది. వేరే పట్టణం నుంచి వచ్చి అద్దె గదిలో ఉండే ఒంటరి కార్మికుడి పరిస్థితీ అంతే. అతనికి ఇక్కడ రేషన్ కార్డు ఉండదు, ఓటు ఉండదు. వీరి పేర్లు మొదటి పేజీలో, మొదటి రోజే, ఆసాముల పేర్లతో సమానంగా, సమానమైన ఓటుతో రాయాలి. వచ్చే సర్వసభ్య సమావేశానికి ఆ పట్టిక ముసాయిదా సిద్ధం చేయగలిగితే, నిధి నియమావళి మీద చర్చ ఆ సమావేశంలోనే మొదలుపెట్టవచ్చు.